చివరి నంబరు అరవై మూడు

తెర మూలనున్న చిన్న కిటికీలో ఒక వరుస పడింది.

7:44 — ఒకటి.

మాస్కు దాన్ని చూశాడు. చల్లారిపోయిన టీ ఒక గుక్క తాగి, మళ్లీ జాబితా మీద వేలు పెట్టాడు. ఒకటి అంటే అక్క లేచింది, బాగానే ఉంది. రెండు వస్తే పైకి వెళ్లాలి. ఏడాదిన్నరగా వాళ్లిద్దరి మధ్యా ఉన్న భాష ఆ రెండు మాటలే.

అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఫోనెత్తగానే నమస్కారం కంటే ముందు "మాస్కెంత?" అని అడుగుతాడు కనుక ఆసుపత్రి మొత్తం మాస్కు అనే పిలుస్తుంది. నెట్‌వర్కులో ఒక ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే సంఖ్య అది. మూతికి కట్టుకునే మాస్కు కాదని కొత్తగా చేరిన నర్సులకు, అతని కింద తీగలు లాగే కేబుల్ మనిషి ప్రతి ఏడూ ఓపిగ్గా వివరిస్తాడు. వివరించాక, "ఆయన మూతికి అది అక్కర్లేదు లెండి, ఎలాగూ తెరవడు" అని చేరుస్తాడు.

యాభై తొమ్మిదేళ్ల మనిషి. సన్నగా, భుజాలు ముందుకు వంగి, ఎప్పుడూ ఏదో తక్కువ ఎత్తు తలుపులోంచి దూరబోతున్నట్టు ఉంటాడు. కళ్లద్దాల ఒక కాడకి నల్ల టేపు చుట్టి ఉంటుంది. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. పైన స్వెట్టరు. నేలమాళిగలో బట్టలుతికే గదికీ జనరేటరుకీ మధ్యనున్న అతని గదికి కిటికీ లేదు. యంత్రాల కోసం పెట్టిన చల్లదనంలో పాతికేళ్లుగా ఏడాది పొడుగునా స్వెట్టరే. గోడ అవతల ఉతుకు యంత్రం తిరిగినప్పుడల్లా బల్ల మీది గ్లాసు సన్నగా వణుకుతుంది. అది వణకడం ఆగితే అతను తలెత్తి చూస్తాడు.

ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటకి నాలుగో అంతస్తును ముక్కలు చెయ్యాలి.

ఆసుపత్రిలో తీగ తగిలించిన ప్రతి యంత్రానికీ నాలుగు సంఖ్యల చిరునామా ఉంటుంది. మొదటి మూడూ కలిపి వీధి పేరు అనుకుంటే నాలుగోది ఇంటి నంబరు. నాలుగో అంతస్తు వీధి 10.4.7. అందులో సున్నా నుంచి రెండు వందల యాభై అయిదు దాకా ఇళ్లు. నెల కిందట ఆ వీధిలో ఒక పాత కంప్యూటరు చెడి, ఊరికే అందర్నీ పిలవడం మొదలుపెట్టింది. ఒకడు నడివీధిలో గొంతు చించుకుంటుంటే మిగతావాళ్ల మాట వినపడనట్టు, నాలుగు వార్డుల్లో తెరలు పదకొండు నిమిషాలు కదల్లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ పదకొండు నిమిషాల గురించి పైనుంచి మూడు ఉత్తరాలొచ్చాయి. వీధిని నాలుగు చేసి మధ్యలో గోడలు కట్టమన్నారు. ఒక వార్డు అరుపు పక్క వార్డుకి పోకూడదు.

దానికి కావలసిన లెక్క మాస్కు దగ్గర ఎప్పటినుంచో ఉంది. పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాసుకున్న అరవై వరుసల స్క్రిప్టు. వార్డులో ఎన్ని యంత్రాలున్నాయో చెబితే, వాటికి సరిపోయే అతి చిన్న ముక్క ఎంతో, అది ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకానో అచ్చేస్తుంది. ముక్కలు రెట్టింపుల్లోనే పెరగాలి. పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు. నలభై ఎనిమిది యంత్రాలున్న వార్డుకి ముప్ఫై రెండు చాలవు, అరవై నాలుగు ఇవ్వాల్సిందే. ఇదంతా అతను కళ్లు మూసుకుని చెప్పగలడు. అయినా స్క్రిప్టుతోనే చేయిస్తాడు. మనిషి అలిసిపోతాడు, స్క్రిప్టు అలిసిపోదు. పాతికేళ్లలో అతను పక్కవాళ్లకి ఇచ్చిన సలహా అదొక్కటే.

ఆ స్క్రిప్టు చివర్లో ఇంకో పని కూడా చేస్తుంది. రిజిస్టరులోంచి ఎక్కించిన ప్రతి చిరునామానీ కొత్త గోడలతో పోల్చి, గోడ కింద పడేవాటిని ఎర్రగా చూపిస్తుంది. పోయిన వారం అలా అయిదు తేలాయి. అయిదింటినీ జరిపారు. నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున ఏడింటికి, ఇప్పుడు మళ్లీ నడిపి చూశాడు. ఎరుపు లేదు.

8:30 — ఒకటి. టిఫిను అయిందన్నమాట.

*

అక్క నాలుగో అంతస్తు మొదటి వార్డులో, కిటికీ పక్కన, పదకొండో పడక మీద ఉంటుంది.

చొక్కాల కార్ఖానాలో నలభై ఏళ్లు కాజాలు కుట్టింది. అమ్మానాన్నా పోయేనాటికి ఆమెకి పదిహేడు, వీడికి పదకొండు. ఆమె కార్ఖానాకి వెళ్లింది, వీణ్ణి బడికి పంపింది. సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెలో ఉన్నదంతా వీడి కంచంలోకి వంపేసి, "నేను కార్ఖానాలోనే తినేశాలేరా" అనేది. ఆ కార్ఖానాలో ఎవరికీ తిండి పెట్టరని అతనికి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిశాక కూడా అడగలేదు. ఆమె చెప్పలేదు.

లెక్క నేర్పింది కూడా ఆమే. చొక్కా పట్టీ పరిచి, సుద్దముక్కతో పైన ఒక గీత, కింద ఒక గీత పెట్టేది. "ముందు మొదటిదీ చివరిదీ గుర్తు పెట్టుకోవాలిరా. ఆ రెండూ సరిగ్గా ఉంటే మధ్యలోవి వాటంతటవే సర్దుకుంటాయి" అనేది. టేపు పెట్టేది కాదు. ఆరు కాజాలూ సమంగా పడేవి.

ఏడాదిన్నర కిందట కుట్టుమిషను మీదే ఒక పక్కకి ఒరిగింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క మధ్యాహ్నంలో పోయాయి. ఎడమ చెయ్యి మిగిలింది. పడక పక్కనుండే పిలుపు గంట కుడివైపు గోడకి ఉంది. దాన్ని ఎడమవైపుకి మార్చమని మాస్కు రెండు అర్జీలు పెట్టాడు. రెండూ పరిశీలనలో ఉన్నాయి.

అప్పుడు తానే ఒక పెట్టె చేశాడు. సబ్బుపెట్టె అంత ఉంటుంది. పారేసిన సామానులోంచి ఏరిన చిన్న సర్క్యూట్ పలక, పాత గంట మీట, ఒక దీపం. మీట మరీ చిన్నదైందని అక్క గుండీల డబ్బా వెతికి, నాలుగు చిల్లులున్న పెద్ద నల్ల కోటు గుండీ తీసి దాని మీద అతికించాడు. అది చూసి అక్క సగం మూతితో నవ్వింది. నొక్కితే ఆ సంగతి నేలమాళిగలో అతని తెర మీద పడుతుంది. వెళ్లిందంటే దీపం పచ్చగా ఉంటుంది. తీగ ఎక్కడైనా తెగి నొక్కు ఆగిపోతే నారింజ రంగులో కొట్టుకుంటుంది. అప్పుడు కూడా మాట పోదు. ఏ నిమిషానికి ఎన్ని నొక్కులో పెట్టె దాచుకుని, దారి దొరకగానే మొత్తం పంపేస్తుంది. ఒక వానరోజు అంతస్తు మొత్తం గంటసేపు ఆగిపోతే, తిరిగి వచ్చాక నాలుగు 'ఒకటి'లు ఒకేసారి దిగాయి. మాస్కు తన పనితనానికి తాను సంతోషపడిన సందర్భం అతనికి గుర్తున్నంతలో అదే.

ఆ పెట్టెకి చిరునామా ఇచ్చే చోట మాత్రం అతను ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేశాడు.

నంబర్లు కోరుకునేవాళ్లంటే అతనికి పడదు. గుండె డాక్టరుగారు తన కంప్యూటరుకి తొమ్మిది కావాలని కబురంపితే, ఖాళీ లేదని చెప్పి పద్నాలుగు ఇచ్చాడు. తొమ్మిది ఇవాళ్టికీ ఖాళీగానే ఉంది. అలాంటి మనిషి ఆ రోజు వరుసలో తరువాతి నంబరు ఏదో చూడకుండా అరవై మూడు కొట్టేశాడు. అంతకు వారం ముందు, ఆసుపత్రిలో చేర్చే కాగితం మీద అక్క వయసు రాసిన చోట అతని చెయ్యి రాసిన సంఖ్య అదే.

రిజిస్టరులో రాయలేదు. ఆసుపత్రిది కాని యంత్రం ఏదీ తీగకి తగిలించకూడదు, తగిలించినవాళ్లు ఆ రోజే ఇంటికి. తలుపు వెనక అంటించి ఉన్న ఆ నిబంధన రాసింది అతనే. కింద సంతకం కూడా అతనిదే.

ఇంకో రెండు నెలలు. తర్వాత రిటైరవుతాడు. మెట్లు లేని ఇల్లు ఒకటి చూసి పెట్టాడు, అద్దెకి. అక్క మంచం ఎక్కడ వెయ్యాలో, ఎడమ చేతికి కిటికీ అందేలా నేల మీద సుద్దతో గుర్తు కూడా పెట్టి వచ్చాడు. ఆ రెండు నెలలూ పెట్టె అక్కడే ఉంటే చాలు. అతను లోకాన్ని అడిగేది అంతకు మించి ఏమీ లేదు.

*

పదింటికి మీటింగు.

విభాగానికి కొత్తగా వచ్చిన అధికారిణి అతని కంటే పాతికేళ్లు చిన్నది. తొందరగా మాట్లాడుతుంది, తొందరగా నడుస్తుంది, వినేటప్పుడు మాత్రం తొందరపడదు. నాలుగు వార్డుల ఇన్‌ఛార్జిలనీ కూర్చోబెట్టి, బోర్డు ముందుకి మాస్కుని పిలిచింది. అతను ఒక పొడుగు గీత గీశాడు. మూడు చోట్ల అడ్డంగా నరికాడు. సున్నా నుంచి అరవై మూడు మొదటి వార్డు. అరవై నాలుగు నుంచి రెండోది. అలా నాలుగు.

"ముక్కకి అరవై నాలుగు నంబర్లా?" అని అడిగింది రెండో వార్డు ఇన్‌ఛార్జి.

"ఇచ్చేది అరవై రెండేనమ్మా. ప్రతి ముక్కలో మొదటిది ఆ ముక్క పేరు. చివరిది అందర్నీ ఒకేసారి పిలవడానికి. ఆ రెండూ ఎవరికీ ఇవ్వకూడదు."

"ఇస్తే?"

"ఆ యంత్రం మాట చెల్లదు. వాగుతూనే ఉంటుంది, రౌటరు వినదు."

"మా ఆయన సంగతే" అంది ఆవిడ. అందరూ నవ్వారు. వెనక కుర్చీలో ఉన్న కేబుల్ మనిషి అందరికంటే గట్టిగా నవ్వి, దగ్గు తెచ్చుకున్నాడు.

నవ్వులయ్యాక అధికారిణి రిజిస్టరు ముందుకు జరిపింది. నల్లట్ట పుస్తకం. నంబరు, చోటు, ఏ యంత్రం, ఎవరిది, తేదీ. పాతికేళ్ల గళ్లన్నీ అతను స్కేలు పెట్టి గీసినవే.

"స్క్రిప్టుకి తెలిసింది ఇందులో ఉన్నదే" అంది ఆమె. "ఇందులో లేనిది నాలుగో అంతస్తులో ఏదైనా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి. నేను తిట్టను, సరేనా? ఒంటిగంట తర్వాత తెలిస్తే మాత్రం తిడతాను."

ఇన్‌ఛార్జిలు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు అడ్డంగా ఊపారు. ఆమె మాస్కు వైపు తిరిగింది.

అతని నాలుక కదిలింది. చెప్తే పెట్టె తీసేస్తారు. తిట్టకపోయినా, ఇంటికి పంపకపోయినా, తీసెయ్యక తప్పదు. ఆ నిబంధన అలా రాసింది తానే. పైగా దాని నంబరుతో పేచీ లేదనుకున్నాడు. అరవై మూడు మొదటి ముక్కలోనే ఉంది, దాన్ని జరపాల్సిన పని లేదు. క్షణంలో సగం సేపట్లో అంతవరకూ లెక్క కట్టి, అక్కడ ఆగిపోయాడు. వేరే ఎవరి నంబరైనా అయితే ఆగేవాడు కాదు. అది అతనికి చిరునామా కాదు. అక్క వయసు.

"ఏం లేవు మేడం" అన్నాడు.

బోర్డు మీద మొదటి ముక్క కొసన, అడ్డగీత పక్కనే, అతని దస్తూరీలో 63 అని ఉంది. దానికి వీపు పెట్టి నిలబడి చెప్పాడు.

*

12:51 — ఒకటి. భోజనం అయింది.

ఒంటిగంటకి రెండు నిమిషాల ముందు అధికారిణి వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది. కేబుల్ మనిషి నాలుగో అంతస్తు స్విచ్చుల అల్మరా ముందునుంచి ఫోన్‌లో ఉన్నాడు.

"అన్నా, నేను రెడీ. ఏదైనా పేలితే నా వాటా చెల్లెలికి ఇచ్చెయ్యి."

"మాస్కెంత?" అన్నాడు మాస్కు.

"అబ్బా. నూట తొంభై రెండు. నిద్రలో లేపి అడిగినా చెప్తా."

ఒంటిగంట. మాస్కు మీట నొక్కాడు.

స్క్రిప్టు రాసిన వరుసలన్నీ రౌటరులోకి పోయాయి. నాలుగో అంతస్తు తెర మీద చుక్కలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. ఆరు సెకన్లు. పది. అధికారిణి ఊపిరి అతని మెడకి తగులుతోంది. పదమూడో సెకనుకి మొదటి చుక్క పచ్చబడింది. తర్వాత రెండు, తర్వాత గుంపుగా. నూట తొంభై ఒక్క చుక్కల్లో నూట ఎనభై అయిదు.

ఫోన్లు మొదలయ్యాయి. మందుల గదిలో తెర రావడం లేదు. మూడో వార్డులో రెండు కంప్యూటర్లు ఒకటే నంబరు కోసం కొట్టుకుంటున్నాయి. రక్తపరీక్షల ప్రింటరు కదలడం లేదు. బల్ల మీది ఫోను పెట్టిన వెంటనే మోగేది. మాస్కు గొంతు పెంచకుండా ఒకటే మాట అడిగేవాడు, ఒకటే వరుస కొట్టేవాడు, ఒక చుక్క పచ్చబడేది. ప్రింటరు దగ్గర మాత్రం ఇరవై నిమిషాలు పట్టింది. కేబుల్ మనిషి నూట ముప్ఫై కొట్టాల్సిన చోట నూట మూడు కొట్టాడని తేలింది.

"నీకు చేతులిచ్చినవాడు కళ్లివ్వడం మర్చిపోయాడయ్యా" అన్నాడు మాస్కు. అతని లెక్కలో అది పెద్ద తిట్టు.

"కళ్లున్నాయన్నా. నువ్వే చెవిలో కూర్చుని చూడనివ్వట్లేదు."

మధ్యలో రెండుసార్లు తెర మూలకి చూశాడు. చిన్న కిటికీలో 12:51 తర్వాత ఏమీ లేదు. భోజనమయ్యాక అక్క కునుకు తీస్తుంది. రెండు పడకపోవడమే అతనికి కావలసింది.

మూడింటికి చివరి చుక్క పచ్చబడింది. అధికారిణి చప్పట్లు కొట్టింది. ఇంకెవరూ లేకపోవడంతో ఒక్కతే కొట్టింది. "ఒక్కటి కూడా పోలేదు" అంది. అతను స్క్రిప్టు వైపు చెయ్యి చూపించాడు. ఆమె నవ్వి, వార్డుకొక పట్టిక అచ్చు తీసి గోడలకి అంటించమని చెప్పి వెళ్లిపోయింది.

మూడూ అయిదుకి మొదటి వార్డు పట్టిక అడిగాడు. స్క్రిప్టు నాలుగు వరుసలు ఇచ్చింది.

వార్డు: ఒకటి
మొదలు: 10.4.7.0
ఇవ్వదగినవి: 10.4.7.1 నుంచి 10.4.7.62
అందరికీ పిలుపు: 10.4.7.63

ఈ వారంలో ఆ చివరి వరుసను ఇరవైసార్లు చూసి ఉంటాడు. ఇప్పుడు చదివాడు.

గోడ అవతల ఉతుకు యంత్రం ఆగింది. గ్లాసు వణకడం మానింది. అతను తలెత్తలేదు. ఒంటిగంట నుంచి ఇప్పటిదాకా, రెండు గంటల అయిదు నిమిషాలు. తీసివేత దానంతట అదే జరిగిపోయింది. లాప్‌టాప్ తీగ పీకి, మూసి చంకలో పెట్టుకుని లేచాడు. తలుపు వెయ్యలేదు. ఆ తలుపు వెయ్యకుండా అతను వెళ్లడం అదే మొదటిసారి.

లిఫ్టు రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. మెట్లెక్కాడు. అంతస్తుకి ఇరవై రెండు మెట్లు. ఎప్పుడో లెక్కపెట్టినవే, మళ్లీ లెక్కపెట్టాడు.

*

వార్డు నర్సు గుమ్మంలోనే ఎదురైంది. లావుపాటి మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటుంది. ఇప్పుడు నమలడం లేదు.

"అన్నయ్యా, నాలుగుసార్లు చేశాను మీ నంబరుకి. ఎంగేజే వస్తోంది. మనిషిని పంపుదామంటే ఇక్కడ అందరూ కంప్యూటర్ల ముందే."

"ఎప్పుడమ్మా?"

"రెండున్నరకి వెళ్లి చూస్తే... పెద్ద డాక్టరుగారే వచ్చి చూశారు. గుండె ఆగిపోయిందన్నారు. ఎవరున్నా చెయ్యగలిగింది లేదన్నారు."

అతను తలూపాడు. కళ్లద్దాలు తీసి, స్వెట్టరు అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"రెండింటికి నేనే నీళ్లు తాగించాను. బానే తాగింది" అంది నర్సు, అతని వెనకే నడుస్తూ. "తలుపు వంకే చూస్తోంది. ఏం కావాలమ్మా, తమ్ముణ్ణి పిలవమంటావా అన్నాను. వద్దని తలూపింది. పెట్టె మీద దీపం నారింజ రంగులో కొట్టుకుంటోంది అప్పుడు. మీరేదో పని చేస్తున్నారుగా, అందుకేమో అనుకున్నా."

పదకొండో పడక చుట్టూ పరదా లాగి ఉంది. అతను పరదా తీసి లోపలికెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. అక్క జుట్టు పొద్దున మీటింగుకి ముందు అతను దువ్వినట్టే ఉంది, పాపిడి చెదరలేదు. నిలవని కుడివైపు మూతిని ఎవరో సరిచేశారు. అందువల్ల మొహం ఏడాదిన్నర కిందటి మొహంలా ఉంది. ఎడమ చెయ్యి పెట్టె మీద లేదు. పొట్ట మీద పెట్టారు. చూపుడు వేలి కొస మీద నలభై ఏళ్లు సూది పొడుచుకున్న గట్టిదనం అలాగే ఉంది.

అతనికి ఏడుపు రాలేదు. రావాలని ఎదురు చూసినట్టు కాసేపు కూర్చున్నాడు. కిటికీ అవతల ఎవరో తివాచీ దులుపుతున్నారు. దులిపిన ప్రతిసారీ చప్పుడు ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది.

పెట్టె దీపం నారింజ రంగులో కొట్టుకుంటూనే ఉంది. పంపాల్సింది ఏదో దాని దగ్గర ఉంది.

అది తెలుసుకోకుండా కూడా ఉండొచ్చు. పెట్టె కరెంటు తీగ పీకేస్తే దీపం ఆరిపోతుంది, లోపలున్నది లోపలే పోతుంది. అతని చెయ్యి ఆ తీగ దాకా వెళ్లింది. తీగ పట్టుకుంది. దాన్ని వదిలి, పక్కనున్న నెట్‌వర్కు తీగని గోడలోంచి తీసి లాప్‌టాప్‌కి తగిలించింది. చేతులకి తెలిసిన పని అదే.

నంబరు గడిలో 63 ఉంది. చెరిపేసి 62 కొట్టాడు. కింద గడి మాస్కెంతని అడిగింది. కొట్టాడు. తీగ మళ్లీ గోడకి పెట్టి, లాప్‌టాప్‌ని వైఫైకి కలిపాడు.

మూడు సెకన్లు ఏమీ జరగలేదు. తర్వాత ఒళ్లో ఉన్న తెర మీద వరుసలు ఒకదాని వెంట ఒకటి దిగాయి.

1:18 — రెండు.
1:31 — రెండు.
1:32 — రెండు.
2:06 — ఒకటి.

అంతే.

మొదటి మూడింటినీ ఒకసారి చదివాడు. చివరిదాన్ని చాలాసేపు చదివాడు. అది ఏ గొంతుతో అన్నదో అతనికి తెలుసు. గిన్నె బోర్లించి, చేతులు కడుక్కుంటూ, ఇటు చూడకుండా అనే గొంతు. కార్ఖానాలోనే తినేశాలేరా.

*

నాలుగున్నరకి అధికారిణి పైకొచ్చింది. కేబుల్ మనిషి చెప్పినట్టున్నాడు, వాడు గుమ్మం దగ్గరే ఆగిపోయి టోపీ చేతిలో నలుపుతున్నాడు. మాస్కుకి ఇక్కడ అక్క ఉందని అప్పటిదాకా ఆమెకి తెలియదు. "మీరు ఇంటికెళ్లండి, మిగతావి మేం చూసుకుంటాం" అంది. ఆ మాట అన్నాక ఇంటికెళ్లడం అంటే ఏమిటో తట్టినట్టు ఆగిపోయింది.

"రిజిస్టరు ఒకసారి తెప్పిస్తారా మేడం" అన్నాడు మాస్కు. "అందులో లేనిది ఒకటుంది. పొద్దున అబద్ధం చెప్పాను."

ఆమె పెట్టె వైపు, గోడ తీగ వైపు, తెర మీది నాలుగు వరుసల వైపు వరుసగా చూసింది. తొందరపడకుండా చూసింది. పక్కనే నర్సు నిలబడి ఉంది కాబట్టి ఒకటంటే ఏమిటో రెండంటే ఏమిటో ఆమెకి తెలిసిపోయింది. ఒంటిగంట తర్వాత తెలిస్తే తిడతానన్న మనిషి రిజిస్టరు తెమ్మనడానికి కేబుల్ మనిషి వైపు తలతిప్పింది. వాడు అప్పటికే మెట్ల వైపు పరిగెడుతున్నాడు.

రిజిస్టరు వచ్చాక మాస్కు దాన్ని అక్క కాళ్ల దగ్గర పరుపు అంచు మీద తెరిచాడు. స్కేలు లేదు. చేత్తోనే గీత గీశాడు. నంబరు: 10.4.7.62. చోటు: మొదటి వార్డు, పదకొండో పడక, ఎడమవైపు. యంత్రం: పిలుపు పెట్టె. 'ఎవరిది' అన్న గడిలో పాతికేళ్లుగా వార్డుల పేర్లు, డాక్టర్ల హోదాలు రాసిన చెయ్యి కొంచెంసేపు ఆగింది. 'అక్కది' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. పుస్తకం మూసి అధికారిణి చేతికిచ్చాడు. ఆమె దాన్ని గుండెలకి ఆనించుకుని పట్టుకుంది.

అయిదింటికి కిందికి తీసుకెళ్లడానికి మనుషులొచ్చారు. మాస్కు స్టూలు పక్కకి జరిపి దారిచ్చాడు. అక్క సామాను ఒక సంచీకి సరిపోయింది. దువ్వెన, రెండు గౌన్లు, కళ్లద్దాలు, గుండీల డబ్బా. పెట్టె తీగ మీద చెయ్యి వేసినప్పుడు నర్సు అడిగింది.

"దాన్ని ఉంచెయ్యరాదూ అన్నయ్యా? రేపో ఎల్లుండో ఈ పడక మీదికి ఇంకెవరో వస్తారుగా. గంట ఇంకా అటు గోడకే ఉంది."

అతను అధికారిణి వంక చూశాడు. ఆమె రిజిస్టరు అట్ట మీద వేళ్లతో మెల్లిగా తట్టింది. రాసి ఉన్నదాన్ని తీసెయ్యక్కర్లేదన్నట్టు.

తీగ వదిలేశాడు. సంచీ భుజాన వేసుకుని, వంగిన భుజాలతో, తక్కువ ఎత్తు తలుపులోంచి దూరుతున్నట్టే వార్డు గుమ్మం దాటి వెళ్లాడు. స్ట్రెచర్ చక్రాల చప్పుడు ముందు, అతని చెప్పుల చప్పుడు వెనక. నర్సు దుప్పటి తీసి, పరుపు మడిచి, పరదా పూర్తిగా వెనక్కి లాగింది.

ఉత్త మంచానికి ఎడమవైపు, బల్ల మీద, పెట్టె పచ్చగా వెలుగుతోంది. నాలుగు చిల్లుల నల్ల కోటు గుండీ మీద, వేలు ఆనే చోట, ఒక్క పక్కనే మెరుగు దిగిపోయి ఉంది.